కాజీపేటలో ఏడు రోజులు, ఎనిమిది పాటలు

మొదటి రోజు

సికింద్రాబాద్‌లో రైలెక్కితే కాజీపేట దాదాపు 130 కిలోమీటర్లు. ఎప్పుడూ ఒక కునుకు తీసేలోపు వచ్చేసే దూరం. ఈసారి కునుకు పట్టలేదు. గిటార్ కేసును కాళ్ళ మధ్య పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. జనగామ దాటాక పత్తి చేలు. డిసెంబర్ కదా, రెండు విడతలు ఏరేశాక మిగిలిన పత్తి చెట్ల మీద పలచగా కనిపిస్తోంది. ఘన్‌పూర్ స్టేషన్ వచ్చేసరికి నా చేతులు చల్లబడ్డాయి. పదహారేళ్ళ తర్వాత మా నలుగురం ఒకే గదిలో కూర్చోబోతున్నామన్న టెన్షన్ అది.

మా బ్యాండ్ 2006లో హన్మకొండలో మొదలైంది. ఇంజనీరింగ్ చదివే నలుగురం. నేను రిథమ్ గిటార్ వాయిస్తూ పాడేవాణ్ణి. మాకంటే ఏడాది సీనియర్ అయిన అన్నది లీడ్ గిటార్. కాజీపేట బావది బేస్. చుట్టరికం ఏమీ లేదు, మొదటి ఏడాది హాస్టల్లో పడిన పిలుపు అలాగే ఉండిపోయింది. పరకాల తమ్ముడు డ్రమ్స్. మూడేళ్ళలో ఎనిమిది పాటలు కట్టుకున్నాం. ఫెస్టుల్లో అందరూ సినిమా పాటలు అడిగేవాళ్ళు, మేం మావే వాయించేవాళ్ళం. గిటార్ తీగ తెగితే హైదరాబాద్ పోయేవాళ్ళు ఎవరున్నారా అని హాస్టలంతా వెతికేవాళ్ళం. బేస్ తీగలు మరీ ఖరీదు. పాతవాటినే విప్పి, గిన్నెలో నీళ్ళు పోసి మరిగించి, తుడిచి మళ్ళీ బిగించేవాళ్ళం. చేతి జిడ్డు వదిలిపోయి కొన్నాళ్ళు కొత్తవాటిలా గణగణమనేవి.

2009లో తలా కొంత వేసుకుని హైదరాబాద్‌లో ఒక స్టూడియోకి అడ్వాన్స్ కట్టాం. దానికి ముందు డెమో సీడీ మీద అంటించడానికి కవర్ నేనే ప్రింట్ చేయించాను. మూడో పాట దగ్గర రచన అని నా పేరొక్కటే వేశాను. ఆ పాట అన్నా నేనూ కలిసి రాసింది. ఒక రాత్రంతా హాస్టల్ మేడ మీద కూర్చుని, ఒక లైను ఆయన, ఒక లైను నేను. పొద్దున్నకి ఏ లైను ఎవరిదో కూడా గుర్తు లేదు. కానీ కవర్ చేతికొచ్చేసరికి అది నా పాటే అనిపించింది నాకు. స్టూడియో మెట్ల మీద అన్న ఆ కవర్ చూశాడు. చాలాసేపు చూసి, గిటార్ భుజానికి తగిలించుకుని దిగి వెళ్ళిపోయాడు. వెనక నుంచి నేను ఒక మాట అన్నాను, దాన్ని ఇక్కడ రాయలేను. ఆ నెలలోనే పుణెలో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాను. పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో బావ అందరినీ ఒక వీడియో కాల్‌లోకి లాగాడు. అన్న మొదట అడిగింది మా అమ్మ ఆరోగ్యం. పాటల మాట ఎత్తడానికి మాకు ఇంకో మూడేళ్ళు పట్టింది.

కాజీపేటలో దిగగానే ప్లాట్‌ఫాం మీద అన్నే ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. గిటార్ కేసు నా చేతిలోంచి తీసుకుని, "ఎట్లున్నవ్ రా, బక్కగైనవ్" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు.

రెండో రోజు

రికార్డింగ్ బావ వాళ్ళింట్లో, మేడ మీద గదిలో. వాళ్ళ నాన్న లోకో పైలట్‌గా రిటైరయ్యారు. బావకి నాన్న కాబట్టి మాకందరికీ మామ, అమ్మ అత్తమ్మ. అద్దెకిచ్చే పోర్షన్ ఖాళీ అయితే ఆ పెద్ద గదిని మాకు వదిలారు. గచ్చు నేల, సున్నం గోడలు, మధ్యలో చప్పట్లు కొడితే టప్‌మని నాలుగైదుసార్లు తిరిగొస్తోంది. ఇలాంటి గదిలో డ్రమ్స్ రికార్డ్ చేస్తే సింబల్, అంటే డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్ళెం, దాని చప్పుడు గోడలకి కొట్టుకుని మిగతా అన్నింటినీ మింగేస్తుంది.

స్టూడియోల్లో అతికించే ఫోమ్ కొందామా అని నేనంటే తమ్ముడు వద్దన్నాడు. స్కూటీ తీసుకుని వరంగల్ కొత్తవాడ వెళ్ళి జంపఖానాలు తెచ్చాడు. వరంగల్ దర్రీలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో బయట అమ్మేవి ఇక్కడ మా నోట్లో జంపఖానాలే. దట్టమైన నూలు నేత, చేతికి బరువుగా తగులుతుంది. గోడకి ఆనించి కట్టేస్తే పెద్దగా పనిచేయవు. గోడకీ బట్టకీ మధ్య జానెడు ఖాళీ వదిలితే అప్పుడు కింది స్వరాలను కూడా కొంత పీల్చుకుంటాయి. అందుకని గది పొడవునా తీగలు లాగి, గోడకి దూరంగా వేలాడదీశాం. ఎరుపు, నీలం, పసుపు పట్టీలతో గది పెళ్ళిల్లులా తయారైంది. మళ్ళీ చప్పట్లు కొట్టి చూశాం. ఒక్క టప్, అంతే.

సాయంత్రానికి ఇంకో సమస్య. గిటార్ చప్పుడు పెంచే ఆంప్ ఆన్ చేస్తే మ్‌మ్‌మ్ అని ఒకటే గుయ్‌గుయ్. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్‌గుయ్ స్వరం కూడా దాన్నే పట్టుకుని ఉంటుంది. అన్న పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాడు. ఒక్కొక్క స్విచ్చే ఆపుతూ వచ్చాడు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు ఆపితే కొంత తగ్గింది. ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపితే ఇంకొంత. ఆ తర్వాత టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, "ఎర్తింగ్ గుంతలో నీళ్ళు వోసి ఎన్నేండ్లయింది మామా?" అని అడిగాడు. మామ ఆలోచనలో పడ్డారు. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఆ గుంత తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి సాఫీగా దిగుతుంది. ఎండిపోతే దారి మూసుకుపోయినట్టే. నాలుగు బకెట్లు పోశాం. అరగంట ఆగి ఆంప్ ఆన్ చేశాం. గదిలో నిశ్శబ్దం. అన్న నా వైపు చూసి నవ్వాడు. పదహారేళ్ళలో నేను చూసిన మొదటి నవ్వు.

మూడో రోజు

కాజీపేట జంక్షన్ అంటే సికింద్రాబాద్ వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు వెళ్ళే దారులు కలిసే చోటు. పగలూ రాత్రీ రైళ్ళు ఆగవు. డ్రమ్స్, బేస్ ఒకేసారి వాయించి రికార్డ్ చేయాలని మా ప్లాన్. మొదటి టేక్ రెండో చరణంలో హారన్ పడింది. రెండో టేక్‌లో గూడ్సు. ఆ చప్పుడు మైకుల్లోకి వచ్చే ముందే నేల అదురుతుంది, కిక్ డ్రమ్ మైక్ దాన్ని పట్టేస్తుంది.

మధ్యాహ్నం నుంచి మామ కుర్చీ వేసుకుని మెట్ల దగ్గర కూర్చున్నారు. కళ్ళు మూసుకుని వింటారు. "ఆగుండ్రి, గూడ్సొస్తది." నిజంగానే వచ్చేది. "ఇగ వాయించుండ్రి, పది నిమిషాలు ఏం లేదు." అది లోడుతో పోతోందో ఖాళీగా పోతోందో కూడా చప్పుడుని బట్టి చెప్పేవారు. ఆయన చేయి ఎత్తితే మొదలు, దించితే ఆపడం. అలా ఆ రోజు మూడు పాటలు అయ్యాయి.

వేగం దగ్గర కూడా కొంత గొడవ పడ్డాం. పాత డెమో పెట్టి కొలిస్తే మూడో పాట నిమిషానికి 118 దెబ్బలు. ఇప్పుడు మా చేతులకి సుఖంగా కుదురుతున్నది 104. తమ్ముడు పాతదే కావాలన్నాడు. రెండు రకాలుగానూ వాయించి, పక్కపక్కన పెట్టి విన్నాం. 118లో పాట పరిగెడుతోంది, మాటలు ఊపిరాడక పడిపోతున్నాయి. ఇరవై ఏళ్ళప్పుడు మాకది తెలియలేదు. 104 దగ్గర ఆగాం.

నాలుగో రోజు

పొద్దున్నుంచీ కరెంటు లేదు, లైన్ల పని. అందరం హన్మకొండ వెళ్ళాం, వేయి స్తంభాల గుడికి.

మేం చదువుకునే రోజుల్లో ఎన్నోసార్లు కూర్చున్న చోటు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. ఎదురుగా నంది, నందికి అవతల కళ్యాణ మండపం. మా కాలంలో ఆ మండపం చూసే అదృష్టం లేకపోయింది. పునాది కుంగిందని 2006 ప్రాంతంలో విప్పదీశారు. మా బ్యాండ్ మొదలైన రోజులు కూడా అవే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పని నడిచి, 2024 మార్చిలో శివరాత్రి నాడు తెరిచారు. ఇప్పుడు నల్లటి స్తంభాలన్నీ నిలబడి ఉన్నాయి. పాత రాయి ఏదో, కొత్తగా చెక్కి పెట్టిన రాయి ఏదో దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుస్తోంది. కాకతీయులు పునాది గుంతల్లో ఇసుక నింపి దాని మీద ఇంత బరువు నిలబెట్టారు. తమ్ముడు బడిలో పిల్లలకి చెప్పినట్టు మాకు చెప్పుకొచ్చాడు.

చౌరస్తాలో చాయ్ తాగి తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది. రాత్రి రెండింటిదాకా గిటార్లు.

ఐదో రోజు

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

పొద్దున మూడో పాట గొంతు మొదలుపెట్టాం. గొంతుకి వేరే గది లేదు కాబట్టి జంపఖానాల మధ్యే నిలబడి పాడుతున్నాను. తలుపు తెరిచే ఉంది. అత్తమ్మ మెట్లెక్కి వచ్చింది, చేతిలో సర్వపిండి పళ్ళెం. పాట అయ్యేదాకా గుమ్మం దగ్గరే ఆగి, "ఇది మీరే రాసిన్రా బిడ్డా?" అంది. అవునన్నాం. "మరి గట్ల పాడుతున్నవేంది? రేడియోల వార్తలు చదివినట్టున్నది."

మాకు అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. "వెళ్ళిపోయావు అంటున్నవ్. మనం గట్లంటమా? నువ్వు పొద్దుగాల నాతోటి మాట్లాడేటప్పుడు గట్ల మాట్లాడలే గదా."

ఆమె కిందికి వెళ్ళాక గదిలో ఎవరూ మాట్లాడలేదు. పల్లవి చివరి లైను "కట్ట మీద నన్ను వదిలి వెళ్ళిపోయావు". మేం నలుగురం పుట్టి పెరిగింది ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే, ఇంట్లో ఎవరమూ ఆ మాట అనం. ఇరవై ఏళ్ళప్పుడు పాట అంటే అలాగే ఉండాలనుకున్నాం. సినిమాల్లో అలాగే వినేవాళ్ళం, స్టేజీ మీద మా యాస వస్తే నవ్వుతారేమోనని భయం కూడా ఉండేది. నిజం చెప్పాలంటే భయమే ఎక్కువ.

అన్న గిటార్ తీసుకుని నెమ్మదిగా పల్లవి పాడాడు. "కట్ట మీద నన్నిడిసి పోయినవ్."

నాలుగో దెబ్బ మీద స్నేర్ డ్రమ్ పడుతుంది. పాత మాటలో చివరి 'వు' ఆ దెబ్బ దాటి సాగిపోయేది. దాన్ని దాచడానికి నేను ఎప్పుడూ అక్కడ గొంతు లాగి గమకంలాంటిది వేసేవాణ్ణి. అందరూ అదే బాగుందనేవారు. 'పోయినవ్'లో 'నవ్' సరిగ్గా స్నేర్ మీద పడి, తలుపు వేసినట్టు మూసుకుంది. లాగాల్సిన పనే లేదు. తమ్ముడు కర్రలు పట్టుకున్నాడు, నేను పాడాను. ఒకసారి, రెండోసారి, మూడోసారి. మన మాటల్లో చివర అచ్చు రాలిపోతుంది కదా, వచ్చినవ్, చేస్తున్నం, పోదం. ఆ రాలిపోయిన చోట డ్రమ్ముకి జాగా దొరుకుతోంది. గిటార్ బ్యాండుకి ఇంతకంటే సరిపోయే భాష ఏముంటుంది? ఇన్నేళ్ళూ మా ఇంట్లో మాట్లాడుతూనే ఉన్న భాష.

పాటలన్నీ ముందేసుకుని సాయంత్రందాకా కూర్చున్నాం. అన్నీ మార్చలేదు. ఒక పాటలో పుస్తకాల మాటే బాగుంది, ఆ పాట మనిషి చదువుకున్న మనిషి, అలాగే మాట్లాడతాడు. ఇంకో పాటలో యాస బలవంతంగా తగిలించినట్టు అనిపిస్తే తీసేశాం. ఐదు పాటలు మారాయి. ప్రతి మాటా పైకి అనుకుని, ఇది మా అమ్మ అంటుందా అని చూసుకుని రాశాం. 2009లో ఆ ఆల్బమ్ వచ్చేసి ఉంటే వేరే నోటితో పాడిన పాటలే బయటికి వెళ్ళి ఉండేవని తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

సర్వపిండి చల్లారిపోయింది. అయినా పళ్ళెంలో ఒక్క ముక్క మిగల్లేదు.

ఆరో రోజు

ఒక పాటకి డప్పు కావాలి. తమ్ముడి ఊళ్ళో వాయించే పెద్దాయన సాయంత్రమైతే ఖాళీ అన్నారు. పగలంతా ఉంది కదా అని బావ కారు తీశాడు. ములుగు మీదుగా పాలంపేట, రామప్ప గుడి.

1213లో గణపతిదేవుడి కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్ళింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, అద్దంలా నునుపు. బ్యాండు వాళ్ళకి మాత్రం కన్ను ఎక్కడ నిలుస్తుందో చెప్పక్కర్లేదు. లోపల స్తంభాల మీద, దూలాల మీద నాట్యం చేసేవాళ్ళు, వాళ్ళ పక్కన మద్దెల వాయించేవాళ్ళు. గణపతిదేవుడి దగ్గరే సేనానిగా ఉన్న జాయపుడు నృత్తరత్నావళి అని నాట్యం మీద సంస్కృతంలో గ్రంథం రాశాడు. యుద్ధాలు చేసే మనిషి, అడుగులూ తాళాలూ కూర్చుని రాసుకున్నాడు. పేరిణి నాట్యాన్ని నటరాజ రామకృష్ణ మళ్ళీ నిలబెట్టినప్పుడు ఆ గ్రంథమూ, ఈ రాళ్ళ మీది బొమ్మలూ ఆయనకి ఆధారం అయ్యాయి. తమ్ముడు ఒక మద్దెల వాయించే బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, మణికట్టు ఎలా వంచాడో తన చేత్తో చేసి చూసుకున్నాడు. వేణువు ఊదే కృష్ణుడి శిల్పాన్ని తడితే స్వరాలు పలుకుతాయని గైడ్లు చెబుతారు. మేం చేయి వెయ్యలేదు. ఎనిమిది వందల ఏళ్ళ రాయి అది.

అక్కణ్ణుంచి చెరువు. కట్ట మీద గాలి చల్లగా వీస్తోంది. అన్నది ఈ దిక్కు ఊరే. మాకంటే ముందు నడుచుకుంటూ వెళ్ళి, ఒక్కడే నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. పిలవబుద్ధి కాలేదు.

పరకాల వైపు తిరిగి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. పెద్దాయన వాకిట్లో గడ్డి మంట వేసి డప్పు కాపుతున్నారు. చలికి తోలు మెత్తబడుతుంది, వేడి తగిలితే బిగుసుకుని గొంతు లేస్తుంది. మధ్యమధ్యలో వేళ్ళతో తట్టి విని మళ్ళీ మంటకి చూపిస్తున్నారు. మేం గిటార్ శ్రుతి చేసుకోవడం చూసి, "మీది మర గుంజితే ఎక్కుతది, మాది మంట జూస్తే ఎక్కుతది" అన్నారు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సిటికెన పుల్ల.

హెడ్‌ఫోన్ పెట్టి వేగం తప్పకుండా టిక్ టిక్ మనే క్లిక్ వినిపించాం. నాలుగు దెబ్బలు వాయించి తీసేశారు. "ఇది నన్ను ఎనకకు గుంజుతున్నది." క్లిక్ లేకుండా, తమ్ముడు ఎదురుగా కూర్చుని ఒళ్ళో చేత్తో తాళం వేస్తే, ఆయన ఆ చేయి చూస్తూ వాయించారు. దరువు కొంచెం ముందుకు ఒరిగి నడుస్తోంది, కానీ ఎక్కడా తప్పిపోవడం లేదు. డప్పు చప్పుడికి దగ్గర పెట్టిన మైక్ పగిలిపోతోంది. పన్నెండు అడుగుల దూరం జరిపాం. కుక్క మొరిగింది, ఎవరో బండి స్టార్ట్ చేశారు. మూడో టేక్ మంచిగా వచ్చింది. ఆయన అడిగినంత మాత్రమే తీసుకున్నారు, ఎక్కువ ఇవ్వబోతే చేయి వెనక్కి పెట్టుకున్నారు. ఆల్బమ్ మీద ఆయన పేరు వేస్తామంటే మాత్రం, "అక్షరం తప్పు లేకుంట ఎయ్యుండ్రి" అన్నారు. పక్కనే ఉన్న అన్న ముఖం వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

రాత్రికి కాజీపేట చేరి, డప్పు వాయించిన దానికి మేమే సర్దుకుని ఆ పాట మొత్తం మళ్ళీ వాయించాం. ఆయన వేగాన్ని పట్టుకోవడానికి పదకొండు టేకులు పట్టింది.

ఏడో రోజు

పొద్దున మిగిలిన గొంతులు. మధ్యాహ్నం నేను కాగితం తీసి పాటల జాబితా రాశాను. మూడో పాట దగ్గర అన్న పేరు ముందు, నా పేరు తర్వాత. కాగితం అన్న చేతికిచ్చాను. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. కాసేపటికి కిందికి వెళ్ళి నాకు చాయ్ తెచ్చాడు.

మిక్సింగ్ ఇంకా ఉంది, దానికి నెలలు పడుతుంది. కానీ ఎనిమిది పాటలూ హార్డ్ డిస్కులో ఉన్నాయి. రెండు కాపీలు తీసి ఒకటి బావ దగ్గర, ఒకటి అన్న దగ్గర పెట్టాం.

నా రైలుకి ఇంకా రెండు గంటలు ఉండగా అత్తమ్మనీ మామనీ మేడ మీదికి పిలిచాం. సగం విప్పిన జంపఖానాల మీదే కూర్చున్నారు. అత్తమ్మ చాటలో పల్లికాయ తెచ్చుకుని ఒలుస్తోంది. బావ మూడో పాట పెట్టాడు. పల్లవి మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చేయి ఆగింది. 'పోయినవ్' దగ్గర తల ఊపింది. రెండో చరణం, అన్న వాయించిన సోలో, మళ్ళీ పల్లవి. దూరంగా ఒక గూడ్సు పోయింది. మామ ఈసారి చేయి ఎత్తలేదు.

పాట అయిపోయాక అత్తమ్మ మా ఇద్దరి వైపు చూసింది.

"ఆ కట్ట ఏ చెరువుది బిడ్డా?"

"పాకాల" అన్నాను నేను. మాది నర్సంపేట. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళిన కట్ట అది, పాట రాసిన రాత్రి నా కళ్ళ ముందు ఉన్నది అదే.

"రామప్ప" అన్నాడు అన్న, సరిగ్గా అదే క్షణంలో.

ఒకరినొకరం చూసుకున్నాం. అత్తమ్మ ఒలిచిన పల్లీలు గుప్పెడు తీసి ఆయన చేతిలో కొన్ని, నా చేతిలో కొన్ని పోసింది.

"ఇంకోపారి వెట్టు" అంది బావతో. "ఈపారి రెండు చెర్లు మతికుంచుకోని వింట."